డిస్క్రీట్ సిగ్నల్స్ (విడివిడి శాంపిళ్ల వరుసలు) చదివేవారికి ఆక్టేవ్ ఎంతవరకు పనికొస్తుంది?

విజయవాడ లెనిన్ సెంటర్‌లో కొన్న పాత సిగ్నల్స్ పుస్తకానికి సరైన తోడు గ్నూ ఆక్టేవ్ అనే గణిత లెక్కల సాఫ్ట్‌వేర్. ఉచితం. ఒకసారి దించుకుంటే హాస్టల్ గదిలో నెట్ లేకపోయినా నడుస్తుంది.

దీని విలువ కన్వల్యూషన్ (ఒక సిగ్నల్‌ను తిప్పి, జరుపుతూ మరోదానితో గుణించి కూడడం) దగ్గర తెలుస్తుంది. [1, 2, 3]ను [1, 1]తో ముందు చేత్తో చేసి, తర్వాత కాన్వ్ ఫంక్షన్‌తో సరిచూడండి: 1, 3, 5, 3 రావాలి. అదే లెక్కను 3 పాయింట్ల ఎఫ్ఎఫ్‌టీతో (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే వేగవంతమైన పద్ధతి) చేస్తే 4, 3, 5 వస్తుంది. చివరి 3 చుట్టూ తిరిగొచ్చి మొదటి 1తో కలిసిపోయింది! లీనియర్ (మామూలు), సర్క్యులర్ (చుట్టూ తిరిగొచ్చే) కన్వల్యూషన్ల తేడా ఇంతకంటే సూటిగా అర్థం కాదు. సున్నాలు చేర్చి రెండింటినీ 4 పాయింట్లకు పెంచితే జవాబు సరిపోతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఫిల్టర్ ఫంక్షన్‌లో. గత అవుట్‌పుట్‌లో సగాన్ని ఇప్పటి ఇన్‌పుట్‌కు కలిపే సిస్టమ్‌కు హారం గుణకాలు (అవుట్‌పుట్ పదాల గుణకాలు) [1, −0.5], అవుట్‌పుట్ పదాలన్నీ ఎడమ వైపుకు తెస్తాం కాబట్టి గుర్తు మారుతుంది. [1, 0.5] అని ఇస్తే ఇంపల్స్ రెస్పాన్స్ (ఒక 1, తర్వాత అన్నీ సున్నాలు ఇస్తే వచ్చే అవుట్‌పుట్) 1, 0.5, 0.25 బదులు 1, −0.5, 0.25 అవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, అందుకే ప్రమాదం.

ఇండెక్స్ 1 నుంచి మొదలవుతుంది, కాబట్టి సున్నా దగ్గరి శాంపిల్ మొదటి గడిలో ఉంటుంది. గ్రాఫ్‌కు ప్లాట్ కాదు, స్టెమ్ వాడండి. ప్లాట్ చుక్కల మధ్య లేని గీత గీస్తుంది. బటర్‌వర్త్ (ఒక ప్రామాణిక రకం) ఫిల్టర్లకు సిగ్నల్ ప్యాకేజీ లోడ్ చేయాలి. మాట్‌ల్యాబ్‌తో వాడే సిమ్యులింక్ లాంటి, బ్లాకులు కలిపి సిస్టమ్ గీసే బ్లాక్ డయాగ్రమ్ సౌకర్యం మాత్రం లేదు.