సీసా చల్లారేదాకా ఆగే చోటు: తిరుపతి, పలమనేరు

పాత గాజు సీసాలను బట్టీలో మెత్తబరిచి పళ్లేలుగా మార్చే పని చూద్దామని, చేతనైతే నేర్చుకుందామని తిరుపతి, పలమనేరు తిరిగొచ్చాను. ఈ పనికి వెళ్లేవాళ్లు ఫీజు కంటే ముందు అడగాల్సింది ఒకటుంది: "బట్టీ ఎప్పుడు తెరుస్తారు?" సాయంత్రానికల్లా చేతికిచ్చేస్తాం అన్నారంటే ఆ చోటు వద్దు.

తిరుపతిలో నేను వెళ్లిన వర్క్‌షాప్ అలాంటిదే. ఏసీ గది, కాఫీ, మర్యాద, అన్నీ బాగున్నాయి. పొద్దున పెట్టిన సీసాను సాయంత్రం ఇంకా గోరువెచ్చగా ఉండగానే కాగితంలో చుట్టి ఇచ్చారు. రాత్రి గదిలో బల్ల మీద పెడితే, ఎవరూ ముట్టుకోకుండానే టిక్కుమని అడ్డంగా చీలింది. ఫోన్ చేస్తే "గాజు కదండీ, పగులుతుంది" అన్నారు. ఊరికే పగలదు. పైభాగం తొందరగా చల్లారి లోపల ఇంకా వేడి ఉంటే, ఆ బిగువు గాజులోనే ఉండిపోతుంది. అదే రాత్రి పగలొచ్చు, నెల తర్వాత పిల్లల చేతిలోనూ పగలొచ్చు. నాకు కోపం వచ్చింది అందుకే.

బస సంగతి. టీటీడీవాళ్ల విష్ణు నివాసం రైల్వేస్టేషన్‌కు ఎదురుగా, శ్రీనివాసం బస్టాండుకు ఎదురుగా ఉంటాయి. సీసాల సంచితో బస్సెక్కాలి కాబట్టి నాకు శ్రీనివాసమే నయం అనిపించింది. శని, ఆదివారాల్లో గది దొరకడం కష్టం. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, నీళ్లు గాజు సీసాల్లో అమ్ముతారు. ఖాళీది తిరిగిస్తే డిపాజిట్ వాపసిస్తారు. వాటిని మాత్రం బట్టీకి తేవద్దు. కడిగి మళ్లీ నింపుకోగల సీసాను కరిగించడం దండగ. పాత సామాన్ల అంగట్లో పడివున్న బీరు, సాసు సీసాలు చాలు.

బెంగళూరు బస్సు చిత్తూరు దాటి, మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరులో దింపుతుంది. మట్టిబొమ్మలకు పేరున్న ఊరు. కట్టెలతో కాల్చే కుమ్మరి ఆవంలో గాజు పని కుదరదు, వేడిని మెల్లగా దించడం మన చేతిలో ఉండదు. నేను వెళ్లిన కుమ్మరాయన దగ్గర చిన్న కరెంటు బట్టీ, దాని వేడిని కావలసినట్టు పెంచి దించే కంట్రోలర్ ఉన్నాయి.

ముందు ఆయన నా సీసాలు చూసి పక్కన పెట్టేశాడు. లేబుల్ జిగురు పూర్తిగా పోలేదట. మళ్లీ నానబెట్టి, గీకి, వేలిముద్ర కూడా లేకుండా తుడిచాకే లోపలికి తీసుకున్నాడు. మురికి ఉన్నచోట గాజు మీద తెల్లటి పొర కడుతుంది. బట్టీలో సీసాలు పడుకోబెట్టే పలకకు అల్యూమినా, చైనా క్లే (తెల్లమట్టి) కలిపిన పూత కుంచెతో వేసి ఆరబెట్టాడు. లేకపోతే గాజు పలకకే అతుక్కుంటుంది. వేరువేరు సీసాలను ఒకదానికొకటి తగలనివ్వలేదు. ఒక్కో గాజు ఒక్కోలా వ్యాకోచిస్తుంది, కలిపి అతికితే చల్లారేటప్పుడు విడిపోతాయి.

గంటకు 150 డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పోయాడు. నల్లద్దాలు పెట్టుకుని బట్టీకున్న కంత లోంచి చూశాను. 700 దాటాక సీసా నడుము మెల్లగా కుంగడం మొదలైంది. మెడ ఇంకా గుండ్రంగానే ఉంది. అడుగున గాజు మందం, అది అన్నిటికంటే ఆలస్యంగా లొంగింది. 790 దగ్గర పూర్తిగా పరుచుకుంది. ఆ వేడిలో ఎక్కువసేపు ఉంచినా తెల్లపొర వస్తుంది కాబట్టి, వెంటనే 550కి దించి అక్కడ గంటసేపు నిలిపాడు. బిగువు తీరేది అక్కడే. తర్వాత ఇంకా నెమ్మదిగా దించి, మూత తియ్యకుండా వదిలేశాడు.

"ఏం తొందర సామీ, పొద్దన్నే రాండి. దానంతట అది చల్లారల్ల" అన్నాడు.

అంటే ఆ రాత్రి పలమనేరులో ఉండాల్సిందే. హైవే పక్క లాడ్జి మామూలుది. లారీ హారన్లకు నిద్ర సరిగా పట్టదు, దుప్పట్లు మాత్రం శుభ్రం. ఊరు ఎత్తు మీద ఉంది కాబట్టి తిరుపతి ఉక్కపోత లేదు. పక్క హోటల్లో రాగిసంకటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి. ఆ భోజనానికి మళ్లీ వెళ్లొచ్చు.

పొద్దున 50 డిగ్రీల లోపు చూపించాకే మూత తీశాడు. ఆకుపచ్చ రంగు చెక్కు చెదరలేదు. సీసా మీది ఉబ్బెత్తు అక్షరాలు ఇంకా చదవొచ్చు. పళ్లెం తిప్పితే వెనక కుంచె గీతలు అచ్చు పడి ఉన్నాయి, నాకవే ఎక్కువ నచ్చాయి. అందులో వేడివేడి కూర మాత్రం వడ్డించకండి. పండ్లకు, చిరుతిళ్లకు బాగుంటుంది.

లోపాలూ చెప్పాలి. బోర్డు లేదు, కూర్చోడానికి చోటు తక్కువ. ఫీజు సీసాకు కాదు, బట్టీ లోడుకు. ఒక్క సీసా తీసుకెళ్తే గిట్టదు, పలక నిండేన్ని పట్టుకెళ్లండి. ముందురోజే ఫోన్ చేసుకోండి. బట్టీలో వాళ్ల కుండలు ఉంటే ఆ రోజు మీ వంతు రాదు.