అట్టబొమ్మల కోసం కడపలో రెండు రోజులు

పాత చందమామలు చాలామంది దగ్గరే ఉంటాయి. అట్టతో ఉండేవే అరుదు. నాకు కావాల్సింది ఆ అట్టే, అందులోనూ వడ్డాది పాపయ్యగారు బొమ్మ వేసి మూలన ‘వ.పా.’ అని సంతకం పెట్టినది. అందుకోసమే అనంతపురం నుంచి కడప పోయొచ్చినా. 1947 జూలైలో చక్రపాణిగారితో కలిసి చందమామ మొదలుపెట్టిన బి. నాగిరెడ్డిగారిది ఈ జిల్లాలోని పొట్టిపాడే. కడపలో వెతకడం నాకు ఇంకా ఇష్టం కావడానికి అదొక కారణం.

బస్టాండు దగ్గర లాడ్జీలో దిగినా. గది శుభ్రంగానే ఉంది గానీ స్నానాలగది గోడ చెమ్మ మంచం దాకా పాకింది. మనిషికి పర్వాలేదు, పాత కాగితానికి మాత్రం చెమ్మ విషం. కొన్నవాటిని రాత్రంతా బల్లమీద పరిచి ఫ్యాను కింద ఉంచాల్సి వచ్చింది. ఇట్లాంటి పనిమీద పోయేవాళ్లు మేడమీది గది అడగండి, అద్దె కొంచెం ఎక్కువైనా సరే.

మొదట ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి పోయినా. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి నిలబెట్టిన సంస్థ అది. తాళపత్రాలు, పాత పుస్తకాలు చూస్తుంటే పూట తెలియలేదు. కొనేదేమీ ఉండదని తెలిసే పోయినా. పాత అచ్చును ఎంత భద్రంగా పట్టుకోవాలో అక్కడ కూర్చుంటే చేతికి అలవాటవుతుంది.

అసలు వేట పాత పేపర్ల అంగళ్లలో. మూడు తిరిగినా. మొదటిదాంట్లో అన్నీ బైండు చేసినవే. బైండు చేసేవాళ్లు చాలాసార్లు అట్ట పీకేస్తారు. అట్ట ఉంచినా మూడు పక్కలా కత్తిరించడంతో సంతకం సగం పోతుంది. అట్లాంటి ‘యువ’ మాసపత్రిక ఒకటి, వ.పా. అట్టతో ఉన్నది, చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడినా. ఆ చీరె అంచు మడతలు, ఆ రంగులు అట్లే ఉన్నాయి, సంతకం మాత్రం లేదు. రెండో అంగడాయన కాటా మీది ధర చెప్పి, నేను అట్టలు తిరగేయడం చూసి అయిదింతలు చేసినాడు. వద్దని వచ్చేసినా.

మూడో అంగడి చిన్నది. పెద్దాయన గోనెసంచి విప్పి, “చూసుకో నాయనా, తొందరేం లేదు” అన్నాడు. నాలుగు చందమామలు దొరికినాయి. పిన్నులు తుప్పుపట్టి నడుమ పేజీలకు మరక దిగింది గానీ అట్టలు నిండుగా ఉన్నాయి, రెండింటికి సంతకం కూడా. నాలుగూ కలిపి మూడువందలు. బేరం చేయబుద్ధి కాలేదు.

తిండికి కడపలో లోటు లేదు, పొద్దున ఎర్రకారం దోసె, మధ్యాహ్నం సంగటి.

ఇంటికొచ్చినాక తుప్పు పిన్నులు మెల్లగా తీసేసి, ఒక్కో సంచికను విడిగా కవర్లో పెట్టినా. భోగికి ఇండ్లు దులిపినాక అటకలమీది కట్టలన్నీ అంగడికి వస్తాయంట. అట్టలుండేవి పక్కన పెడతానన్నాడు పెద్దాయన. సంక్రాంతి కాంగానే మళ్లీ పోవాల.