ఫ్రెషర్‌కి పని నేర్పాలంటే: పక్కన కూర్చోవాలా, కోడ్ రివ్యూ చాలా?

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్ళు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. "క్యాంపస్ నుంచి ఒక ఫ్రెషర్‌ని ఇచ్చారు. పక్కన కూర్చోబెట్టుకుని చేయించాలా, టికెట్లు ఇచ్చేసి కోడ్ రివ్యూలో దిద్దుకుంటే సరిపోతుందా?" (టికెట్ అంటే ఒకరికి అప్పగించే పని ముక్క, కోడ్ రివ్యూ అంటే రాసిన కోడ్‌ని ఇంకొకరు చదివి తప్పొప్పులు చెప్పడం.) కొత్త బ్యాచ్‌లు దిగే రోజుల్లో ఈ ప్రశ్న మరీ ఎక్కువ. ఈమధ్య మా టీమ్‌లోనూ ఒక అమ్మాయి చేరింది. ఆమెతో రెండు పద్ధతులూ నడిపాను కాబట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

నా మొగ్గు పక్కన కూర్చోవడం వైపే. కానీ రివ్యూ తరఫున చెప్పాల్సింది కూడా తక్కువేమీ కాదు, ముందు దాని సంగతే చూద్దాం.

రివ్యూలో పెద్ద సుఖం, ఇద్దరికీ ఒకే సమయంలో తీరిక దొరకక్కర్లేదు. సాయంత్రం ఆరు దాటితే అమెరికా క్లయింట్ కాల్స్, పొద్దున స్టాండప్ (ఎవరేం చేస్తున్నారో చెప్పుకునే చిన్న మీటింగ్), మధ్యలో ప్రొడక్షన్ గొడవలు. ఆ సందుల్లో పావుగంట దొరికితే ఒక పుల్ రిక్వెస్ట్ (చూసి కలపమని పంపే కోడ్ మార్పు) చూసేయొచ్చు. చెప్పిన మాట రాతలో ఉంటుంది, మూడు నెలల తర్వాత వెతుక్కున్నా దొరుకుతుంది. ఒకరికి రాసిన కామెంట్ టీమ్‌లో మిగతా నలుగురూ చదువుతారు. మేనేజర్‌కి కూడా లెక్క సులువు: ఒక టికెట్, ఒక మనిషి.

అయితే రివ్యూ అసలు ఎందుకు పుట్టిందో గుర్తుపెట్టుకోవాలి. ఐబీఎమ్‌లో మైకేల్ ఫేగన్ 1976లో కోడ్ తనిఖీకి ఒక క్రమపద్ధతిని రాసి ప్రచురించాడు. దాని లక్ష్యం కోడ్‌లో తప్పులు పట్టడం. 2008లో గిట్‌హబ్ (కోడ్ దాచి పంచుకునే వెబ్‌సైట్) వచ్చాక అదే పని మీటింగ్ గదిలోంచి బ్రౌజర్‌లోకి మారి, చిన్న చిన్న ముక్కలుగా రోజూ జరగడం మొదలైంది. పద్ధతి మారినా స్వభావం మారలేదు. రివ్యూ చూసేది కోడ్‌ని, ఆ కోడ్ రాసిన మనిషిని కాదు. జూనియర్ విషయంలో చిక్కంతా ఇక్కడే వస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. రోజువారీ అమ్మకాల రిపోర్టులో అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజామున అయిదున్నర దాకా జరిగిన ఆర్డర్లు ముందు రోజు లెక్కలో పడుతున్నాయి. అయిదున్నర అనగానే మీకు అర్థమైపోయి ఉంటుంది. డేటాబేస్‌లో టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది, మన టైమ్ దానికంటే 5:30 గంటలు ముందు. ఈ టికెట్ మా అమ్మాయికి వెళ్ళింది. పుల్ రిక్వెస్ట్ వచ్చింది. చూస్తే ఒకే ఒక్క లైన్ మార్పు: రిపోర్టులో వచ్చిన టైమ్‌కి 5 గంటల 30 నిమిషాలు కలిపేసింది. "ఇలా చేత్తో కలపకు, జోన్‌ఇన్ఫోలో ఏషియా/కోల్‌కతా పెట్టి మార్చు" అని కామెంట్ రాశాను (జోన్‌ఇన్ఫో అంటే పైథాన్ భాషలో టైమ్‌జోన్‌లు చూసుకునే లైబ్రరీ). కాసేపట్లో మార్చి పంపింది. అప్రూవ్ చేశాను, అసలు కోడ్‌లో మెర్జ్ అయింది. కామెంట్ సరైనదే, కోడూ సరైనదే.

తర్వాత వేరే టికెట్ మీద ఇద్దరం కలిసి కూర్చున్నప్పుడు తెలిసింది, ఆమె దృష్టిలో డేటాబేస్‌లో ఉన్నది ఇండియా టైమే! అలా అనుకోవడానికి కారణం కూడా ఉంది. డేటాబేస్ చూసే టూల్ తన ల్యాప్‌టాప్ టైమ్‌జోన్‌లోకి మార్చి చూపిస్తోంది. కళ్ళ ముందు పొద్దున పది అని కనిపిస్తుంటే, లోపల నాలుగున్నర ఉందని ఎవరనుకుంటారు? మరి అయిదున్నర గంటలు ఎందుకు కలిపావంటే, "రిపోర్టు అంత వెనక్కి చూపిస్తోంది కదక్కా, అందుకని" అంది. అంటే లక్షణం చూసి మందు వేసింది. నా కామెంట్ ఆ మందు మార్చిందే కానీ జబ్బేమిటో చెప్పలేదు. ఆ డిఫ్‌ని (మారిన లైన్లని చూపించే పేజీని) ఎంత సేపు చూసినా ఈ సంగతి నాకు తెలిసేది కాదు, ఎందుకంటే అది అందులో లేదు.

ఈ పోలికలో మిగతావన్నీ ఒక ఎత్తు, నా వరకు ఇదొక్కటే ఒక ఎత్తు. పుల్ రిక్వెస్ట్ అంటే స్టెప్పులు లేకుండా జవాబు మాత్రమే రాసిన లెక్కల పేపర్. జవాబు తప్పయితే కొట్టేయొచ్చు, ఒప్పయితే టిక్ పెట్టొచ్చు. ఎక్కడ దారి తప్పాడో, ఏ లెక్క గుడ్డిగా ఒప్పయిందో మాత్రం తెలియదు. సీనియర్ల మధ్య ఇది ఇబ్బంది కాదు, స్టెప్పులు ఇద్దరికీ తెలుసు కాబట్టి. ఫ్రెషర్‌కి నేర్పాల్సింది స్టెప్పులే.

ఇక పక్కన కూర్చోవడం. ఇద్దరు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ రాయడాన్ని (పెయిరింగ్) ఒక పద్ధతిగా అందరికీ తెలిసేలా చేసింది ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ విధానం. కెంట్ బెక్ 1990ల చివర్లో క్రైస్లర్ కంపెనీ పేరోల్ ప్రాజెక్టు అనుభవంతో దానికి రూపం ఇచ్చాడు. తర్వాత యూటా యూనివర్సిటీలో విద్యార్థులతో ఒక ప్రయోగం చేస్తే, జంటగా రాసినవాళ్ళకి మొత్తం మీద సుమారు 15 శాతం ఎక్కువ సమయం పట్టింది, తప్పులు మాత్రం తగ్గాయి. పెయిరింగ్ అనగానే ఈ లెక్క చూపించి మేనేజర్లని ఒప్పించేవాళ్ళున్నారు. దయచేసి ఫ్రెషర్ విషయంలో ఆ లెక్క చూపించకండి. అక్కడ జంటలో ఇద్దరూ విద్యార్థులే. మీరూ ఫ్రెషరూ కూర్చుంటే మీ వేగం సగానికి పడిపోతుంది, అందులో దాచడానికేమీ లేదు. మేనేజర్ ఎలాగూ అడుగుతాడు: "ఒక్క టికెట్ మీద ఇద్దరెందుకు?" టికెట్ కోసం కాదు, మనిషి కోసం అని నేరుగా చెప్పేయడమే మంచిది. అప్రైజల్లో ఈ గంటలకి గడి ఉండదు. అది మన ఇండస్ట్రీ జబ్బు, ఇప్పట్లో నయమయ్యేలా లేదు.

కూర్చుంటే ఏం దొరుకుతుంది? మొదటి రోజే దొరికింది ఇది. పైథాన్ ప్రోగ్రామ్ ఎర్రర్‌తో ఆగిపోయింది, స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు.

"అక్కా, వర్క్ అవ్వట్లేదు."

"ఏమంటోంది?"

"ఏదో జాంగో ఫైల్లో ప్రాబ్లమ్ అక్కా."

"బయటికి చదువమ్మా."

పైనుంచి మొదలుపెట్టింది. మొదటి లైన్లో జాంగో (మా ప్రోగ్రామ్ వాడుకునే, బయటివాళ్ళు రాసిన పైథాన్ లైబ్రరీ) లోపలి ఫైలు పేరు ఉంది, వెంటనే ఆ ఫైలు తెరవబోయింది. విషయం ఏమిటంటే, ఈ పిల్ల కాలేజీలో నాలుగేళ్ళూ జావా రాసింది. జావాలో ఎర్రర్ వస్తే అసలు విషయం పై లైన్లోనే మొదలవుతుంది. పైథాన్‌లో తలకిందులు, చివరికి పిలిచిన ఫంక్షన్ చివర్లో ఉంటుంది, ఎర్రర్ పేరు అట్టడుగు లైన్లో ఉంటుంది. "కింద నుంచి పైకి చదువు, మన ఫోల్డర్ పేరు కనిపించిన చోట ఆగు" అన్నాను. ఆగిన చోట మేం రాసిన లైనే ఉంది, ఒక డిక్షనరీలో (పేరు చెప్తే విలువ ఇచ్చే పట్టికలో) లేని కీ, అంటే లేని పేరు, అడుగుతోంది. ఈ ఒక్క మాట తెలియక ఆమె అంతకుముందు ఎన్ని మధ్యాహ్నాలు జాంగో సోర్స్‌కోడ్‌లో తిరిగిందో! రివ్యూకి వచ్చేటప్పటికి ఎర్రర్ పోయి ఉంటుంది. అది పోవడానికి పూట పట్టిందా, నిమిషం పట్టిందా అన్నది ఏ డిఫ్ చెప్పదు.

అడిగితే చెప్తుంది కదా అంటారేమో. అడగరు. ఇంటర్ నుంచి బీటెక్ దాకా "డౌట్స్ ఉన్నాయా?" అంటే "లేవు సార్" అని కోరస్‌గా చెప్పి వచ్చిన పిల్లలు. స్టాండప్‌లో కూడా అదే పాట: నిన్న ఈ టికెట్, ఈరోజూ ఈ టికెట్, బ్లాకర్స్ ఏమీ లేవు. మూడు రోజులు ఒకే టికెట్ పేరు వినబడితే ఇరుక్కుపోయారని అర్థం. పక్కన కూర్చున్నప్పుడు అడగక్కర్లేదు, చేతులు ఆగిపోవడం కనిపిస్తుంది.

ఇంకొకటి, మాట్లాడే తీరు. రివ్యూలో ఇంగ్లీషులో "ఇలా ఎందుకు చేశావు?" అని రాస్తే మనకది మామూలు ప్రశ్న. చదివే పిల్లకి అది చీవాట్లు. జవాబు చెప్పడం మానేసి గబగబా కోడ్ మార్చేస్తుంది. అదే పక్కన కూర్చుని "ఇలా ఎందుకు రాశావమ్మా?" అంటే కారణం చెప్తుంది, ఒక్కోసారి ఆ కారణం నా ఆలోచన కంటే బాగుంటుంది కూడా. (టీమ్‌లో ఒడియా అబ్బాయో తమిళ అమ్మాయో ఉంటే మాత్రం తెలుగు ముచ్చట్లు కట్టిపెట్టండి. వాళ్ళని గాలికి వదిలేసి మనవాళ్ళకి నేర్పుకోవడం చూడ్డానికే బాగోదు.)

పక్కన కూర్చోవడంలో నష్టాలు లేవా అంటే, ఉన్నాయి. ఎవరో చూస్తున్నారంటే వేళ్ళు కదలని పిల్లలుంటారు. మరీ అలవాటైతే ప్రతి లైనుకీ మీ మొహం చూస్తారు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం మనతోనే. రెండు నిమిషాలు ఓపిక పట్టలేక కీబోర్డు లాక్కుంటాం. టకటకా టైప్ చేసి, "అర్థమైందా?" అంటాం. "అయింది అక్కా" అంటారు. కాలేదని ఇద్దరికీ తెలుసు. అందుకే నా నియమం ఒకటే, కీబోర్డు జూనియర్ దగ్గరే ఉండాలి. స్పెల్లింగ్ తప్పు కొట్టినా, తప్పు ఫైలు తెరిచినా కాసేపు చూస్తూ కూర్చోవాలి. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో అయితే స్క్రీన్ షేర్ వాళ్ళదే, కంట్రోల్ అడక్కూడదు. చెప్పినంత తేలిక కాదు. నాలాంటి గబగబా మనుషులకి ఇది యోగాసనం కంటే కష్టం.

మిగతా దారుల గురించి రెండేసి మాటలు. కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) సెషన్లు, వాటి రికార్డింగులు: ప్రాజెక్టు పటం చూపించడానికి పనికొస్తాయి, పని నేర్పడానికి కాదు. ఆన్‌లైన్ కోర్సులు: సర్టిఫికెట్ వస్తుంది, లింక్డ్‌ఇన్‌లో పెట్టుకుంటారు. "నువ్వే చూసుకో, మేమంతా అలాగే నేర్చుకున్నాం" అనే పద్ధతి: అలా నేర్చుకోలేక వెళ్ళిపోయినవాళ్ళు ఇప్పుడు మన పక్కన లేరు కాబట్టి అది పనిచేసినట్టు కనిపిస్తుంది, అంతే.

ఏఐ సంగతి కూడా అడుగుతున్నారు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఫ్రెషర్లు మనల్ని అడిగేదానికంటే దాన్నే ఎక్కువ అడుగుతున్నారు. అది విసుక్కోదు, చిన్నచూపు చూడదు. మంచిదే. కానీ దానివల్ల రివ్యూ ఇంకా బలహీనపడింది. ఇప్పుడొచ్చే పుల్ రిక్వెస్టులు చూడ్డానికి చక్కగా ఉంటున్నాయి, పేర్లు బాగుంటున్నాయి, టెస్టులు కూడా ఉంటున్నాయి. రాసిన మనిషికి అందులో ఎంత అర్థమైందో మాత్రం కోడ్‌ని బట్టి అస్సలు చెప్పలేం. ఒకప్పుడు కోడ్ అవకతవకగా ఉంటేనైనా అనుమానం వచ్చేది.

ఇంతకీ నేనేం చేస్తున్నానంటే, మొదటి రెండు మూడు నెలలు రోజుకో గంట పక్కన కూర్చుంటున్నాను, భోజనానికి ముందు, అప్పటికి నా మెదడు ఇంకా పనిచేస్తుంటుంది కాబట్టి. ఆ గంటలో కొత్త టికెట్ మొదలుపెట్టించను. ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచే కదిలిస్తాను. రివ్యూ మానలేదు, కానీ అందులో నేర్పే పని పెట్టుకోను. కామెంట్ రెండు వాక్యాలు దాటుతోందంటే రాయడం ఆపి పిలుస్తాను. ఇంకో చిన్న మార్పు, నా కోడ్‌ని ఆమె చేత రివ్యూ చేయిస్తున్నాను. మొదట్లో "బాగుంది అక్కా" అని అప్రూవ్ కొట్టేసేది. ఇప్పుడు అర్థం కాని లైను ఒక్కటైనా పట్టుకుని అడగందే అప్రూవల్ తీసుకోనని చెప్పాను. రివ్యూలో నేర్చుకోవడమంటూ ఉంటే అది చేయించుకునేవాళ్ళకంటే చేసేవాళ్ళకే ఎక్కువని నాకనిపిస్తోంది.

రోజుకో గంట కుదరదనేవాళ్ళు వారానికి రెండు రోజులైనా పెట్టుకోండి, కానీ పుల్ రిక్వెస్ట్ వచ్చాక కాదు, రాకముందు. ఇక వచ్చినవాడు ఫ్రెషర్ కాకుండా వేరే కంపెనీలో రెండు మూడేళ్ళు చేసి వచ్చినవాడైతే నా సలహా తిరగబడుతుంది. అతని పక్కన రోజూ కూర్చుంటే నేర్పుతున్నట్టు కాదు, కాపలా కాస్తున్నట్టు ఉంటుంది. అతనికి రివ్యూయే మర్యాద. మొదటి వారం ఒక్క పూట కోడ్‌బేస్ చూపించి వదిలేయండి.