లినక్స్ మింట్ అప్‌డేట్ మేనేజర్: ఎప్పుడు గుర్తు చేయాలో తెలిసిన డాలు

లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, స్క్రీన్ అంచున ఉండే ప్యానెల్‌లో ఓ మూల చిన్న డాలు బొమ్మ ఉంటుంది. అదే అప్‌డేట్ మేనేజర్. అప్‌డేట్లు వస్తే దాని మీద ఒక చుక్క పడుతుంది. ఏళ్ల తరబడి చెప్పడమంటే అంతే. ఆ చుక్కను చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లే ఎక్కువ. 2021లో 20.2 వెర్షన్‌తో డాలుకు నోరొచ్చింది.

ఆ నోరు ఎప్పుడు విప్పాలో మాత్రం లెక్క బాగా కట్టారు. ఒక అప్‌డేట్ వచ్చాక మీరు లాగిన్ అయిన రోజులు 7 దాటినా, క్యాలెండర్‌లో 15 రోజులు గడిచినా నోటిఫికేషన్ వస్తుంది. పండక్కి ఊరెళ్లి పది రోజులకు తిరిగొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే వెంటనే మీద పడదన్నమాట. క్రోమ్ బ్రౌజర్ అయితే అప్‌డేట్ వచ్చి ఎన్ని రోజులైందన్నదే చూస్తుంది. మీరు సిస్టమ్ ముందు ఉన్నారో లేదో దానికి పట్టదు. పైగా మింట్ మామూలుగా లెక్కపెట్టేది సెక్యూరిటీ అప్‌డేట్లను, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ అప్‌డేట్లనే. ఫాంట్ ప్యాకేజీ కోసం గోల చేయదు.

గత 30 రోజుల్లో ఏ దారిన అప్‌డేట్ వేసుకున్నా, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ నుంచి అయినా సరే, ఊరుకుంటుంది. నాకు నచ్చనిది ఇదే. మింట్‌లో ఫైర్‌ఫాక్స్ కూడా ఈ మేనేజర్ ద్వారానే వస్తుంది, దాని కొత్త వెర్షన్లేమో నాలుగు వారాలకొకటి. ఒక చిన్న ప్యాకేజీ వేసుకున్న పాపానికి బ్రౌజర్ ఒక వెర్షన్ వెనకబడొచ్చు. ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి ఈ 30ని తగ్గించుకోండి.

మేనేజర్ చూపించే జాబితాలో ఒక అప్‌డేట్ మీద రైట్ క్లిక్ చేస్తే పక్కన పెట్టే ఆప్షన్లు రెండు: ఈ ఒక్క అప్‌డేట్‌ను, లేదా ఆ ప్యాకేజీకి ఇకపై వచ్చేవన్నీ. తొందరలో రెండోది నొక్కితే ఆ ప్యాకేజీ గురించి మళ్లీ మాట వినపడదు. వెనక్కి తీసుకోవాలంటే ప్రిఫరెన్సెస్‌లోని బ్లాక్‌లిస్ట్ చూడాలి.

ఫైర్‌ఫాక్స్ తెరిచి ఉండగా దాన్ని అప్‌డేట్ చేస్తే, కొత్త ట్యాబ్ తెరవగానే రీస్టార్ట్ చేయమనే పేజీ ఎదురవ్వొచ్చు. మామూలు ట్యాబ్‌లు తిరిగొస్తాయి, ప్రైవేట్ విండోలు రావు. ఫారం సగం నింపి ఉంటే ముందు అది ముగించండి. కొత్త కెర్నల్ రీబూట్ చేస్తేనే అమల్లోకి వస్తుంది. కెర్నళ్లు ఉండే డిస్క్ భాగం, అంటే బూట్ పార్టిషన్, చిన్నదైతే పాత కెర్నళ్లు పేరుకుని అప్‌డేట్ మధ్యలో ఆగుతుంది, కాబట్టి ప్రిఫరెన్సెస్‌లోని ఆటోమేషన్‌లో పాతవాటిని తీసేసే ఆప్షన్ ఆన్ చేయండి. అక్కడే ఉన్న ఆటోమేటిక్ అప్‌డేట్లు పెట్టుకునేవాళ్లు ముందు టైమ్‌షిఫ్ట్ అనే టూల్‌లో స్నాప్‌షాట్లు, అంటే తేడా వస్తే సిస్టమ్‌ను వెనక్కి తెచ్చుకునే కాపీలు, ఏర్పాటు చేసుకోవాలి.

ఇంకొకటి, అప్‌డేట్లు ఉన్నప్పుడో తప్పు జరిగినప్పుడో మాత్రమే డాలు కనిపించేలా పెట్టుకోవచ్చు. పెట్టుకోండి. ఎప్పుడూ కళ్లముందుండే బొమ్మ వారానికే గోడమీది క్యాలెండర్ అయిపోతుంది.