విహుయేలా కొంటున్నారా? ఈ మాడ్రిడ్ పెద్దమనిషితో జాగ్రత్త

విహుయేలా అంటే 16వ శతాబ్దపు స్పెయిన్ తీగె వాయిద్యం, చూడ్డానికి గిటార్‌లా ఉంటుంది, ఆరు జతల తీగెలు. నాకు అమ్మినాయన పేరు రాయను. మాడ్రిడ్‌లో పాతకాలం వాయిద్యాల కోసం వెతికేవాళ్ళకి ఎలాగూ ముందు కనబడేది ఆయన ప్రకటనే. "పారిస్ మ్యూజియంలోని షాంబ్యూర్ విహుయేలాకి అచ్చమైన నకలు, పూర్తిగా చేతిపని" అని రాసుకున్నాడు. ధర 2,000 యూరోల పైమాటే. మాట్లాడాను, డబ్బు పంపాను, పెట్టె వచ్చింది.

షాంబ్యూర్ వాయిద్యం గొప్పతనమంతా దాని వీపులో ఉంది. సన్నటి చెక్క పట్టీలను ఒక్కొక్కటీ నిలువునా పల్లంగా వంచి, పక్కపక్కన అతికి, వీపంతా ఉబ్బెత్తుగా లేపుతారు. నాకొచ్చినదాని వీపు భోజనాల బల్లలా చదును. పైగా మెడ మీద లోహపు మెట్లు, దిగ్గొట్టినవి! 16వ శతాబ్దపు మెట్లంటే పేగు తీగెను మెడ చుట్టూ బిగించి ముడేసినవి. అవి జరగాలి. విహుయేలా విద్వాంసుడు లూయిస్ దె మిలాన్ 1536లో వాలెన్సియాలో అచ్చువేసిన ‘ఎల్ మాయెస్త్రో’ అనే విహుయేలా పుస్తకంలోనే ఒకచోట నాలుగో మెట్టు కాస్త జరుపుకోమని ఉంటుంది. దీన్ని జరపాలంటే పట్టకారు తేవాలి.

అయినా ఆశ చావలేదు, నా మొహానికి. విహుయేలాకి నాదరంధ్రం ఖాళీగా ఉండదు కదా, చెక్కిన జల్లెడ పువ్వు ఉంటుంది. ఫోన్‌కి తగిలించే సన్నటి కెమెరా వైరు దాని సందులోంచి లోపలికి దూర్చాను. పువ్వు అంచులు నల్లగా మాడి ఉన్నాయి, లేజర్‌తో కోసిన ప్లైవుడ్. చేతిపనట! దాని వెనకాల గిటార్ రంధ్రం, గుండ్రంగా, మామూలు సైజులో. పైచెక్క కింద విసనకర్ర ఆకారంలో అతికిన పుల్లలు. ఆ పద్ధతి స్పెయిన్ గిటార్లలోకి వచ్చిందే 18వ శతాబ్దంలో. ఇంకాస్త లోపలికి పోనిస్తే సగం గీకేసిన లేబుల్, మిగిలిన సగంలో "క్లాసికల్ గిటార్" అని చక్కగా చదవొచ్చు. గిటార్ తీగెలు బిగించే మరల గాడుల్ని లప్పంతో పూడ్చి, నల్లరంగు పూసి, పన్నెండు కట్టె బిరడాలు గుచ్చాడు. ఆరు తీగెలకి చేసిన పైచెక్క మీద పన్నెండు నైలాన్ తీగెలు లాగి కట్టాడు, బ్రిడ్జి వెనక అంచు అప్పుడే పైకి లేస్తోంది.

ఫోన్ చేస్తే నవ్వాడండీ.

"అసలువి ప్రపంచం మొత్తం మీద మూడో నాలుగో మిగిలాయి, ఏ రెండూ ఒకలా ఉండవు. విహుయేలా ఇలాగే ఉండాలని చెప్పడానికి నువ్వెవరు?"

మొదటి ముక్క నిజమే. పారిస్‌లోనే జాక్మార్-ఆంద్రే మ్యూజియంలో ఉన్నది చాలా పెద్ద వాయిద్యం, తీగె పొడవే దాదాపు 80 సెంటీమీటర్లు. ఈక్వడార్‌లోని క్విటో జెసూట్ చర్చిలో సెయింట్ మరియానాదని దాచిపెట్టింది మరో రకం. సరే, కానీ షాంబ్యూర్ నకలని ప్రకటనలో రాసింది నేనా? ఆ మాటే అడిగాను. "ఇండియా నుంచి కదా, మీకు సితార్ ఉందిగా, వెళ్ళి అది వాయించుకో" అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత నంబర్ బ్లాక్. సితార్ నేను జన్మలో ముట్టుకోలేదు. మా ఇంట్లో ఉన్నది వీణ, అదీ అమ్మది.

డబ్బు పోయినందుకు ఒక మంట, ఆ నవ్వుకి ఇంకో మంట.

కొనేవాళ్ళు పైచెక్క మూయకముందు తీసిన లోపలి ఫొటోలు అడగండి, నిజంగా చేసేవాళ్ళ దగ్గర అవి ఉంటాయి. వెతుకుతుంటే ఐదు తీగెల మెక్సికన్ విహుయేలాలు కూడా కనబడతాయి, అవి మెక్సికో జానపద సంగీతం వాయించే మరియాచీ బృందాలవి, మనకు కావలసినవి కావు. డబ్బు మాత్రం నేరుగా ఖాతాకి పంపకండి. కార్డు మీద కడితే కనీసం ఫిర్యాదు వేసుకోవచ్చు. నా ట్రాన్స్‌ఫర్ సంగతి అడిగితే బ్యాంకువాళ్ళు చేతులెత్తేశారు.