కూబెలిక్ చేతిలో స్లావొనిక్ డాన్సులు: వేగం, కీ, భావం

చెక్ స్వరకర్త అంతోనిన్ డ్వోర్జాక్ జానపద నృత్యాల పోకడలో రాసిన 16 చిన్న రచనలైన స్లావొనిక్ డాన్సులను కండక్టర్ రఫాయెల్ కూబెలిక్ 1970వ దశకంలో బవేరియన్ రేడియో సింఫనీ ఆర్కెస్ట్రాతో మ్యూనిక్‌లో రికార్డు చేశారు. డాయిచ్ గ్రామోఫోన్ విడుదల చేసిన ఈ రికార్డింగు మొత్తం ఒకే సీడీలో ఇమిడిపోతుంది. కీ అంటే ఒక రచన ఆధారపడే స్వరాల వరుస; మేజర్, మైనర్ దానిలో రెండు రకాలు. వేగంగా సాగే మేజర్ కీ రచన సంతోషాన్నీ, నెమ్మదిగా సాగే మైనర్ కీ రచన విషాదాన్నీ ఇస్తాయని చాలామంది నమ్ముతారు. ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించుకోవడానికి ఇంతకన్నా మంచి రికార్డింగు నాకు తెలియదు.

డ్వోర్జాక్ మొదటి 8 డాన్సులను 1878లో, రెండవ 8 డాన్సులను 1886లో, ముందు ఒకే పియానోపై ఇద్దరు వాయించేందుకు రాసి, తర్వాత తానే ఆర్కెస్ట్రాకు మలిచారు. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ తన హంగేరియన్ డాన్సుల్లో అప్పటికే వాడుకలో ఉన్న బాణీలను తీసుకున్నారు. డ్వోర్జాక్ జానపద నృత్యాల నుంచి ప్రధానంగా లయనే తీసుకుని, బాణీలు సొంతంగా కట్టారు. అందుకే ఈ రచనల్లో లయ తడబడితే నృత్యం పేరు మాత్రమే మిగులుతుంది. చెక్ దేశంలో పుట్టి 1948లో దాన్ని విడిచి వెళ్లిన కూబెలిక్‌కు ఈ లయలు చిన్ననాటి నుంచీ తెలిసినవే. ఆ చనువు ప్రతి ట్రాక్‌లోనూ వినిపిస్తుంది.

మొదటి సంపుటిలోని 1వ, 8వ డాన్సులను ఒకదాని వెంట ఒకటి వినాలి. రెండూ ఫ్యూరియంట్ అనే చెక్ నృత్యాలే, రెండింటికీ డ్వోర్జాక్ రాసిన వేగసూచన ప్రెస్టోయే (చాలా వేగంగా). మూడు మాత్రల తాళంలో ముందు రెండేసి మాత్రలుగా మూడుసార్లు, ఆ తర్వాత మూడేసి మాత్రలుగా రెండుసార్లు ఊనిక పడటం ఫ్యూరియంట్ లక్షణం. తాళం మారకుండానే నడక మారినట్లు అనిపించే ఈ చోట చాలామంది కండక్టర్లు ఊనికను మరీ నొక్కి చెబుతారు. కూబెలిక్ మాత్రం దాన్ని వేగంలోనే కలిపేస్తారు కాబట్టి ఆ కుదుపు నర్తకుడి అడుగులాగా సహజంగా ఉంటుంది. సి మేజర్‌లో ఉన్న 1వ డాన్సు ఆర్కెస్ట్రా అంతా కలిసి పట్టిన ఒక దీర్ఘమైన కార్డుతో (ఒకేసారి మోగే స్వరాల గుచ్ఛంతో) తెరుచుకుని, అక్కడి నుంచి తలెత్తి నడుస్తుంది.

జి మైనర్‌లోని 8వ డాన్సులో మైనర్, మేజర్ ఒకదానినొకటి తరుముకుంటాయి. మన పరిభాషలో చెప్పాలంటే సాధారణ గాంధారం ఉన్నట్టుండి అంతర గాంధారం అవుతుంది, మళ్లీ అంతలోనే వెనక్కి వస్తుంది. ఆ మలుపు దగ్గర కూబెలిక్ వేగాన్ని వెంట్రుకవాసి కూడా సడలించరు. సడలించి ఉంటే వినేవాడు ఆ మార్పుకు ముందే సిద్ధపడి ఉండేవాడు. అలా సడలించకపోవడం వల్ల ఒక్క స్వరం మారగానే కోపం నవ్వుగా మారిన భావన కలుగుతుంది. కాలప్రమాణం కదలకుండా ఉన్నప్పుడే కీ చేసే పని ఇంత స్పష్టంగా తెలుస్తుంది.

రెండవ జత ఇంకా సూక్ష్మమైనది. మొదటి సంపుటిలోని 2వ డాన్సు, రెండవ సంపుటిలోని 2వ డాన్సు రెండూ ఇ మైనర్‌లోనే ఉన్నాయి, రెండింటి వేగసూచనా అలెగ్రెట్టోతోనే (ఓ మోస్తరు వేగం) మొదలవుతుంది. కానీ మొదటిదానికి స్కెర్జాండో (ఆటగా) అనీ, రెండవదానికి గ్రాజియోసో (సొగసుగా) అనీ చేర్చారు. మొదటిది దుమ్కా, అంటే తలపోతకూ ఉత్సాహానికీ మధ్య ఊగే రచన. ఇక్కడ కూబెలిక్ రెండు వేగాల మధ్య తేడాను పెద్దదిగా ఉంచి, మందగతి భాగాన్ని తిరిగి అందుకునే ప్రతిసారీ కొద్దిగా తటపటాయిస్తారు. రెండవదానిలో అలాంటి ఊగిసలాట లేదు. వయొలిన్లు పాడే ఆ ప్రసిద్ధమైన బాణీని చాలా ప్రదర్శనల్లో లాగి లాగి వాయించి, కన్నీళ్లు రప్పించాలని చూస్తారు. కూబెలిక్ అది నృత్యమన్న సంగతి మరవరు. కింది స్వరాల్లో నాడి ఆడుతూనే ఉంటుంది, పైన బాణీ మాత్రం స్వేచ్ఛగా సాగుతుంది. విషాదం నడుస్తూ వస్తుంది కాబట్టే మనసును మరింత లోతుగా తాకుతుందని నా అభిప్రాయం. ఒకే కీ, దగ్గరదగ్గరి వేగసూచన ఉన్నా భావాలు ఇంత దూరంగా ఉన్నాయంటే, అంకెల్లో చెప్పే వేగం కన్నా ఆ వేగాన్ని ఎక్కడ వంచారన్నదే ముఖ్యమని ఒప్పుకోక తప్పదు.

మొదటి సంపుటిలో ఎఫ్ మేజర్‌లో ఉన్న 4వ డాన్సును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇది మినుయెట్ అనే మూడు మాత్రల నృత్యపు నడకలో సాగే సౌసెద్‌స్కా, అంటే నిదానమైన చెక్ నృత్యం. మేజర్ కీ అయినా దీనిలో ఉల్లాసం కన్నా పెద్దరికం ఎక్కువ, కూబెలిక్ దాన్ని తొందరపెట్టకుండా సాగనిస్తారు. పోల్కా, స్కోచ్‌నా వంటి తేలికైన డాన్సులు ఉత్సాహంగా, చక్కగా ఉన్నాయి, వాటి గురించి అంతకన్నా విడమర్చనవసరం లేదు.

లోపాలు లేకపోలేదు. ఇత్తడి వాద్యాలు, తాళాలు, పెద్ద డ్రమ్ము కలిసి మోగే ఘట్టాల్లో ధ్వని కొంత కరుకుగా ఉంటుంది, బిగ్గరగా పెడితే ఆ కరుకుదనం చెవికి తెలుస్తుంది. అతి వేగంగా సాగే చోట్ల లోపలి వాద్యాల చిన్న చిన్న అల్లికలు పూర్తిగా విచ్చుకోవు. ప్రతి అల్లికా విడివిడిగా వినబడాలనుకునేవారు క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో కండక్టర్ జార్జ్ సెల్ చేసిన రికార్డింగును ఎంచుకోవడం మేలు. నృత్యం కోసం వినేవారికి మాత్రం నేను కూబెలిక్‌నే సూచిస్తాను. ఆయన మొదటి వయొలిన్లను ఎడమవైపు, రెండవ వయొలిన్లను కుడివైపు కూర్చోబెట్టేవారు కాబట్టి, రెండు స్పీకర్లను దూరంగా పెట్టి వింటే ఆ రెండు వర్గాల మధ్య సాగే ప్రశ్నోత్తరాలు తేటగా తెలుస్తాయి.