నుంగ్వికి పోసిన డాలర్లు, కిల్వాలో తిన్న తోటకూర

టాంజానియా దీవి జాంజిబార్ వెళ్ళేవాళ్ళకి ముందే చెబుతున్నా. ఫొటోలో సముద్రం కనిపిస్తోంది కదా అని అక్కడి బీచ్ ఊరు నుంగ్విలో గదికి ముందుగా డబ్బు కట్టేయకండి. మా గదికీ సముద్రం కనిపించింది. బాత్రూం కిటికీలోంచి, బకెట్ బోర్లించి దాని మీద ఎక్కితే.

నేను టాంజానియాలో మొరోగోరో దగ్గర ఒక సెకండరీ స్కూల్లో వాలంటీరుగా లెక్కలు చెబుతున్నాను. అక్కడ పెద్ద సెలవులు డిసెంబరులో వస్తాయి. 2022 సెలవులకి విజయవాడ నుంచి రజని, ప్రవీణ్ వచ్చారు. రజని శాకాహారి, పైగా బ్యాంకు ఉద్యోగి. ప్రతి ఖర్చూ ఫోన్‌లో ఎక్కించందే నిద్రపోదు. ప్రవీణ్‌కి నీలం నీళ్ళూ ఫోన్‌కి చార్జింగూ ఉంటే చాలు.

దార్ ఎస్ సలామ్ నగరం నుంచి జాంజిబార్‌కి ఫెర్రీలో రెండు గంటలు. విదేశీయులకి టికెట్ అప్పట్లో 35 డాలర్లు. నాకు రెసిడెన్స్ పర్మిట్ ఉంది కాబట్టి స్థానికుల రేటే పడింది. ఆ తేడా చూసి ప్రవీణ్ దారంతా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

జాంజిబార్ పాత నగరం స్టోన్ టౌన్ బాగుంది, అంతకు మించి చెప్పడానికేం లేదు అనుకుంటూ తిరుగుతుండగా ఆంగ్లికన్ చర్చికి వెళ్ళాం. 1873 దాకా బానిసలను అమ్మిన సంత స్థలంలో కట్టిన చర్చి అది. పక్కనే నేలమాళిగలో చూపించే గదుల్లో నడుం నిటారుగా పెట్టి నిలబడలేం. బయటికొచ్చాక ప్రవీణ్ కాసేపు ఫోన్ తీయలేదు. సాయంత్రం ఫొరొధానీ తోటలో తిండి బళ్ళు పెడతారు. లాంతరు వెలుగులో తళతళలాడే రొయ్యలు, ఆక్టోపస్ పుల్లల జోలికి మాత్రం పోకండి. అవి పొద్దుటివో నిన్నటివో చెప్పేవాడుండడు. ఉరోజో తాగండి. పసుపు, మామిడికాయ పులుపుతో చిక్కగా కాచిన చారులో బజ్జీలు, బంగాళదుంప ముక్కలు వేసి, పైన కర్రపెండలం వేపుడు, కొబ్బరి పచ్చడి చల్లి ఇస్తారు. గుడ్డూ మాంసమూ వద్దని చెప్పి 2,500 షిల్లింగులకి రజని రెండు గిన్నెలు లాగించింది. అంటే మన డబ్బుల్లో తొంభై రూపాయల లోపే.

మర్నాడు దరజానీ మార్కెట్ దగ్గర 116 నంబరు దలదల (షేర్ మినీబస్సు) ఎక్కి నుంగ్వి చేరాం. ముగ్గురికి ఒక గది, రాత్రికి 70 డాలర్లు, ఏసీ, బ్రేక్‌ఫాస్ట్ కలిపి అని ఒప్పందం. దిగగానే మేనేజరు మా నోట్లు ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూశాడు. 2006 నాటి నోటు చెల్లదన్నాడు. అది నిజమే, అప్పట్లో అక్కడ పాత సిరీస్ డాలర్లు తీసుకునేవాళ్ళు కాదు. కొత్తవే తీసుకెళ్ళండి. ఆ తర్వాత పన్ను అంటూ మనిషికి రాత్రికి 5 డాలర్లు అడిగాడు. నేను స్వాహిలిలో రసీదు కావాలనేసరికి పన్ను కాస్తా 1 డాలర్ అయింది!

రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. జనరేటర్ ఉంది గానీ దాని మీద ఏసీ నడవదట. ఆ సంగతి డబ్బు తీసుకునేటప్పుడు గుర్తు రాలేదు. కుళాయిలో ఉప్పునీళ్ళు, ఎంత రుద్దినా సబ్బు నురగ రాదు. దోమతెరకి అరచేయి పట్టేంత చిరుగు. రజని తన జడ క్లిప్పులన్నీ తీసి ఒక్కొక్కటే బిగించి దాన్ని మూసింది. తెల్లారి చూస్తే లోపల రెండు దోమలు, ఎర్రగా, ఎగరలేనంత నిండుగా ఉన్నాయి. ఏం చెప్పినా మేనేజరు నవ్వుతూ 'హకూనా మటాటా' (ఏ ఇబ్బందీ లేదు) అంటాడు. బ్రేక్‌ఫాస్ట్ అంటే రెండు బ్రెడ్డు ముక్కలు, పుచ్చకాయ పలక. మిగిలిన మరో రాత్రికి కట్టిన డబ్బు వదులుకుని బయటపడ్డాం.

ప్రవీణ్ వద్దంటున్నా వాళ్ళని పాత రేవు ప్రాంతం కిల్వాకి లాక్కెళ్ళాను. దార్ నుంచి దక్షిణంగా బస్సులో ఆరు గంటలు, 18,000 షిల్లింగులు. మోకాళ్ళు ముందు సీటుకి గుద్దుకుంటూనే ఉంటాయి. అక్కడి ఊరు కిల్వా మసోకోలో గెస్ట్‌హౌస్ గది 30,000. ఫ్యాన్ మాత్రమే, కానీ మంచినీళ్ళు, చిరుగులేని దోమతెర. ఒకావిడ రేకుల షెడ్డులో 3,000కి కొబ్బరి అన్నం, కొబ్బరిపాలలో ఉడికించిన చిక్కుడు గింజలు, తోటకూర వడ్డించింది. రజని వారం తర్వాత కడుపునిండా తిన్నది అక్కడే. మర్నాడు ఆవిడ మమ్మల్ని అడగకుండానే చేపలు పక్కన పెట్టి తోటకూర రెండు గరిటెలు వేసింది.

ఎదురుగా ఉన్న కిల్వా కిసివానీ దీవికి వెళ్ళాలంటే ఊళ్ళో ముందు పర్మిట్ తీసుకోవాలి, గైడు తప్పనిసరి. ఇప్పటి మొజాంబిక్‌లోని సొఫాలా రేవు బంగారం వ్యాపారంతో బలిసిన ఊరు అది. 1331లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా వచ్చి మెచ్చుకున్నాడు, 1505లో పోర్చుగీసువాళ్ళు దోచుకున్నారు. పగడపు రాయితో కట్టిన పెద్ద మసీదు గోడల్ని దగ్గరగా చూస్తే రాతిలో పగడం గీతలు ఇంకా తెలుస్తాయి. సముద్రానికి ఎదురుగా ఉన్న హుసునీ కుబ్వా రాజభవనంలో ఎనిమిది పలకల స్నానాల కొలను ఉంది. మేం ముగ్గురం, గైడు, నాలుగు మేకలు తప్ప ఎవరూ లేరు.

నుంగ్వి నీళ్ళ రంగు ఇక్కడ లేదని ప్రవీణ్ వాదన. నిజమే, మడచెట్ల పక్కన నీళ్ళు బురదగానే ఉంటాయి. ఆ రంగే కావాలంటే స్టోన్ టౌన్‌లోనే బస చేయండి. పొద్దున్నే 116 ఎక్కి, నుంగ్విలో ఈత కొట్టి, సాయంత్రం వెలుగుండగానే తిరుగు బండి పట్టుకోండి. మేం వెళ్ళినప్పుడు చీకటి పడ్డాక టాక్సీవాళ్ళు 40 డాలర్లకి తగ్గేవాళ్ళు కాదు.